వేట తుపాకీల దేశంలో ఏఆర్-15 జెండాగా ఎలా మారింది?

సూరిబాబు, ఆస్టిన్

మిత్రులారా, తుపాకులు ఉండాలా వద్దా అన్న పాత పేచీ కోసం కాదు ఈ చర్చ. దాని మీద ఈ వేదికలో ఇప్పటికే కావలసినంత రక్తపోటు పెంచుకున్నాం. నా ప్రశ్న వేరు.

నేను టెక్సస్‌కు వచ్చిన కొత్తలో ఇక్కడి గన్ షోలకు వెళితే బల్లల మీద ఎక్కువగా కనిపించేవి వాల్‌నట్ కర్ర బిగించిన వేట రైఫిళ్లు, తాతల నాటి వించెస్టర్లు, జంట గొట్టాల షాట్‌గన్లు. అమ్మేవాళ్లు తెల్లగడ్డాల పెద్దమనుషులు. బేరం కన్నా కబుర్లే ఎక్కువ. ఇప్పుడు అదే హాల్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లటి ప్లాస్టిక్, అల్యూమినియంతో చేసిన ఏఆర్-15 రైఫిళ్లే. టీషర్టు మీద ఏఆర్-15 బొమ్మ, కారు వెనక అద్దం మీద అదే బొమ్మ, కాఫీ కప్పు మీదా అదే. వించెస్టర్ బొమ్మ కారుకు అంటించుకున్నవాణ్ని నేనైతే చూడలేదు.

ఏఆర్-15 కూడా ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిలే. ఆ రకం నిన్న మొన్న పుట్టిన వస్తువు కాదు, నూరేళ్లు దాటింది. మరి ఈ పాతికేళ్లలోనే ఏఆర్-15 ఒక రాజకీయ పక్షానికి గుర్తుగా ఎందుకు మారింది? యంత్రం గొప్పతనమా, చట్టాల పుణ్యమా, వ్యాపారుల చలవా? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు, న్యూజెర్సీ

సూరిబాబు గారూ, ముందు సంవత్సరాలు సరిచూసుకుందాం. లేకపోతే ఎవరి నోటికి వచ్చింది వాళ్లు అంటారు.

సెమీ ఆటోమేటిక్‌లో ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక తూటాయే వెళుతుంది. ఖాళీ తొడుగును బయటికి నెట్టి, తర్వాతి తూటాను ఎక్కించుకునే పని మాత్రం తుపాకీయే చూసుకుంటుంది. మెషీన్ గన్ అయితే నొక్కి పట్టినంతసేపూ పేలుతూనే ఉంటుంది. ఈ తేడా తెలియకుండా టీవీల్లో గంటలు గంటలు వాదించేవాళ్లు కోకొల్లలు.

రెమింగ్టన్ కంపెనీ మోడల్ 8 అనే సెమీ ఆటోమేటిక్ వేట రైఫిల్‌ను మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే అమ్మింది. 1936లో అమెరికా సైన్యం ఎం1 గరాండ్‌ను తీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక గరాండ్లు, ఎం1 కార్బైన్లు ప్రభుత్వం చేతి మీదుగానే పౌరులకు చేరాయి. దేశం గగ్గోలెత్తలేదు.

ఏఆర్-15ను 1950ల చివర్లో కాలిఫోర్నియాలోని ఆర్మలైట్ అనే చిన్న సంస్థలో యూజీన్ స్టోనర్ బృందం రూపొందించింది. ఫెయిర్‌చైల్డ్ అనే విమానాల కంపెనీకి అది ఒక విభాగం. తేలిక లోహాలు వాళ్లకు చేతికి అలవాటైనవే. 1959లో హక్కులు కోల్ట్‌కు అమ్మేశారు. సైన్యంలో అది ఎం16 అయి వియత్నాం వెళ్లింది. పౌరుల కోసం కోల్ట్ 1964 ప్రాంతంలో సెమీ ఆటోమేటిక్ రూపాన్ని 'స్పోర్టర్' పేరుతో మార్కెట్లోకి దించింది. 1977లో పేటెంటు గడువు తీరింది, ఎవరైనా తయారు చేసుకునే వీలు చిక్కింది. అయినా చాలా ఏళ్లు అది అరల్లో దుమ్ము కొట్టుకుపోయింది. అప్పటి వేటగాళ్ల కంటికి అదొక బొమ్మ తుపాకీ.

ఇంకొకటి గుర్తు పెట్టుకోవాలి, 1986. ఆ ఏడాది మే తర్వాత తయారైన మెషీన్ గన్నులు పౌరులు కొనడానికి వీల్లేదని చట్టం వచ్చింది. అంతకు ముందున్నవే చేతులు మారాలి. అందుకే ఇవాళ పాత ఎం16 ఒకటి కావాలంటే పాతిక వేల డాలర్లకు పైమాటే. సైనికుడి తుపాకీ మీద మోజున్న మామూలు మనిషికి మిగిలింది సెమీ ఆటోమేటిక్ ఒక్కటే, అదీ ఇప్పుడు ఐదారు వందల డాలర్లకు దొరుకుతోంది.

వనజ, పిట్స్‌బర్గ్

మాస్టారు చెప్పిన 'బొమ్మ తుపాకీ' మాట మా పెన్సిల్వేనియా పెద్దవాళ్ల నోట నేనూ విన్నాను.

ఇక్కడ జింకల వేట ఒక పండుగ. థ్యాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే సోమవారం రైఫిల్ వేట మొదలయ్యేది, చాలా ఊళ్లలో ఆ రోజు బడులకు సెలవు. 2019లో దాన్ని శనివారానికి జరిపారు. పాతకాలం వాళ్లు ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ మండిపడతారు. మా ఆఫీసులో ఒకాయన చిన్నప్పుడు తండ్రి ఇచ్చిన బోల్ట్ రైఫిల్‌తోనే, అంటే ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగాల్సినదానితోనే, ఇప్పటికీ వెళతాడు. దాని కర్ర మీద ఉన్న గీతలు చూపించి, ఇది ఫలానా కొండ దిగుతూ జారిపడ్డప్పటిది, ఇది మా తమ్ముడు ట్రక్కు తలుపులో పెట్టి నొక్కినప్పటిది అని వరుసగా చెప్పుకొస్తాడు. ఏటా నూనె రాసి, గుడ్డ చుట్టి, మళ్లీ అదే అలమరలో పెడతాడు. కొత్తది కొనాలన్న ఆలోచనే రాదు ఆయనకు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. తుపాకీ అంటే ఇంత ప్రేమ ఉన్న ఈ రాష్ట్రంలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో జింకను కొట్టడం నిషేధం! 2017 నుంచి ఉడతలకు, నక్కలకు మాత్రం అనుమతించారు. దగ్గర్లోని వర్జీనియాలో ఏఆర్-15లో మామూలుగా వాడే .223 తూటా జింకకు పనికిరాదు, అంతకన్నా లావుది కావాలి. బాతుల వేటకైతే దేశమంతటా షాట్‌గన్‌లో మూడు తూటాలకు మించి పట్టకూడదు. వేటగాళ్ల లోకంలో మర్యాద తక్కువ తూటాలకే. ఒక్క దెబ్బకు పడగొట్టినవాడే మొనగాడు. ముప్ఫై తూటాలు పట్టే డబ్బా, అదే మ్యాగజైన్, తగిలించుకుని అడవిలోకి వచ్చినవాణ్ని చూస్తే ముసిముసిగా నవ్వుకునేవారు. ఏఆర్-15 గెలవాలంటే ముందు ఈ మర్యాద ఓడిపోవాలి. అది ఎప్పుడు ఓడిపోయిందో ఎవరైనా చెప్పగలరా?

పెన్నా, హ్యూస్టన్

నా దగ్గర ఏఆర్-15 ఉంది. చర్చ ముదిరి నన్ను రాక్షసుడిని చేయకముందే చెప్పేస్తున్నాను.

2020లో కొన్నాను. ఆ ఏడాది ఎలా గడిచిందో గుర్తు తెచ్చుకోండి. ఒక పక్క కోవిడ్, మరో పక్క ఊళ్లలో గొడవలు, అంగళ్లలో బియ్యం కూడా కరవు. ఆ ఒక్క ఏడాదిలో దేశంలో రెండు కోట్లకు పైగా తుపాకులు అమ్ముడయ్యాయి. జీవితంలో మొదటిసారి తుపాకీ కొన్నవాళ్లు, వాళ్లలోనూ ఆడవాళ్లు, నల్లజాతీయులు, మన ఆసియా వాళ్లు ఎంతమందో. తుపాకీ యజమాని అంటే పచ్చబొట్టు, గడ్డం, పికప్ ట్రక్కు అనుకునే రోజులు పోయాయి.

ఇదే ఎందుకు కొన్నానంటే, మా మిత్రుడి .30-06 వేట రైఫిల్ పేల్చినప్పుడు నా భుజం వారం రోజులు కమిలిపోయి ఉంది. ఏఆర్-15 మూడు కిలోల చిల్లర, తన్ను చాలా తక్కువ. మా ఆవిడ తొలి రోజే గురి చూసి కొట్టింది. పైగా దీన్ని ఎవరికి వారు బిగించుకోవచ్చు. పై సగం, కింది సగం రెండు పిన్నులతో కలుస్తాయి. ట్రిగ్గర్ కూర్చునే కింది భాగానికే సీరియల్ నంబరు ఉంటుంది, చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఆ ముక్కే. దాన్ని మాత్రం లైసెన్సున్న దుకాణంలో ఫారం 4473 నింపి, నేరచరిత్ర తనిఖీ పూర్తయ్యాక తెచ్చుకున్నాను. గొట్టం, పిడి, దుర్భిణి అన్నీ అట్టపెట్టెల్లో గుమ్మం దగ్గరికి వచ్చాయి. వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి కూర్చున్నాను. కింది భాగంలో పిన్నును పట్టి ఉంచే స్ప్రింగు ఒకటి ఉంటుంది, బియ్యపు గింజకన్నా కాస్త పొడవు. అది చేతిలోంచి ఎగిరి ఫ్రిజ్ కిందికి దూరింది. టార్చి పెట్టి, చీపురుపుల్లతో లాగి పట్టుకునేసరికి సగం సాయంత్రం అయిపోయింది. అంతా అయ్యాక కలిగిన తృప్తి మాత్రం సొంతంగా కంప్యూటర్ బిగించుకున్నవాడికే అర్థమవుతుంది.

వనజ గారూ, మీ ఆఫీసు పెద్దాయన రైఫిల్‌ను వారసత్వంగా పొందాడు. నాకు ఈ దేశంలో తాత లేడు. నా తుపాకీని నేనే తయారు చేసుకున్నాను. మర్యాద ఓడిపోవడం అంటారా దీన్ని?

ఇంకో మాట. ఇక్కడ అడవి పందులు ఒక్క రాత్రిలో చేను మొత్తం దున్నేస్తాయి. గుంపుగా వస్తాయి. ఒక్కో దెబ్బకు బోల్టు లాగుతూ కూర్చుంటే ఒకటి పడేలోపు మిగతావి పొరుగూరికి చేరుకుంటాయి.

వేపచెట్టు

పెన్నా గారూ, మీరుండేది గోడ కట్టిన కాలనీలో కదా. అక్కడ పందుల బెడద బాగా ఉందా?

పెన్నా, హ్యూస్టన్

పందులు మిత్రుడి పొలంలో. మా కాలనీలో ఉన్నది ఇళ్ల యజమానుల సంఘం. దానికి ఏ తూటా పనిచేయదు.

డాక్టరమ్మ, షికాగో

నవ్వుకున్నాక కాస్త ఇటు చూడండి. నేను మత్తు డాక్టర్ని, ఆపరేషన్ బల్లకు తల వైపు నిలబడేదాన్ని. షికాగోలో పిస్తోలు గాయాలు మాకు రోజూ వచ్చేవే. ఆ తూటా సెకనుకు 300, 400 మీటర్ల వేగంతో వస్తుంది, ఒళ్లంతా గాలిస్తే అది పోయిన దారి ఒకటి దొరుకుతుంది. ఆ దారిలో ముఖ్యమైనది ఏదీ తెగకపోతే మనిషి బతుకుతాడు. ఏఆర్-15 తూటా వేగం సెకనుకు 900 మీటర్ల పైన. చుట్టూ ఉన్న కండను కూడా చిమ్మేసుకుంటూ పోతుంది. కాలేయం వంటి మెత్తటి అవయవానికి తగిలితే సర్జన్ సూది పట్టుకుని నిలబడాల్సిందే, కుట్టడానికి అంచు దొరకదు.

మీ .30-06 వేట రైఫిల్ తూటా ఇంతకన్నా బలమైనదే, ఆ సంగతి నాకు తెలుసు. అయితే ఆ రైఫిల్‌లో నాలుగైదు తూటాలు, ప్రతిసారీ బోల్టు లాగాలి, ప్రతిసారీ భుజం తన్నుకుంటుంది, గురి చెదురుతుంది. పెన్నా గారు మెచ్చుకున్న గుణాలు, తేలిక, తన్ను లేకపోవడం, వెంటవెంటనే పేలడం, అన్నీ పందుల మీద ఎలా పనిచేస్తాయో మనుషుల మీదా అలాగే పనిచేస్తాయి. 2022 జూలై 4న మా దగ్గర హైలాండ్ పార్క్‌లో ఊరేగింపు మీద మేడ పైనుంచి కాల్చిన చోట 83 ఖాళీ తొడుగులు దొరికాయి. ఏడుగురు పోయారు. ఆ మరుసటి జనవరిలో ఇల్లినాయ్ ఈ రకం రైఫిళ్ల అమ్మకాన్ని నిషేధించింది.

పెన్నా, హ్యూస్టన్

డాక్టరమ్మ గారి మాట కాదనను. కానీ పూర్తి లెక్క చూడండి. ఎఫ్‌బీఐ లెక్కల ప్రకారం 2019లో తుపాకీ హత్యలు పది వేల పైన. వాటిలో పిస్తోళ్లతో జరిగినవి ఆరు వేల పైచిలుకు. రైఫిళ్లు, అంటే ఏఆర్-15లూ మీ పెద్దాయన వేట రైఫిళ్లూ అన్నీ కలిపి, 364. ఏ తుపాకో నమోదు కానివి మరో మూడు వేలు ఉన్నాయి, అది కూడా చెబుతున్నాను. కత్తులతో చంపినవే రైఫిళ్లకన్నా నాలుగు రెట్లు. ఇక 2021లో తుపాకీతో పోయిన 48 వేల పైచిలుకు మందిలో సగానికి పైగా ఆత్మహత్యలు. 2017లో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో మన తెలుగువాణ్ని జాతి ద్వేషంతో బలి తీసుకున్నది కూడా పిస్తోలే. చంపేది ఒకటి, శాపనార్థాలు ఇంకొకదానికా?

లెక్కల మాస్టారు, న్యూజెర్సీ

పెన్నా గారి అంకెలు సరైనవే. కానీ సూరిబాబు గారు అడిగింది చావుల సంగతి కాదు, సంస్కృతి సంగతి. అందులో మీ అంకెలే ఆయనకు సాక్ష్యం. తక్కువ హత్యల్లో కనిపించే తుపాకీ దేశ రాజకీయాన్ని ఇంతగా ఎలా ఆక్రమించింది?

నా జవాబు 1994. అంతకు ముందు 1989లో కాలిఫోర్నియా స్టాక్‌టన్‌లో ఒక బడిలో ఐదుగురు పిల్లలు చనిపోయారు, చాలామంది ఆగ్నేయాసియా నుంచి వచ్చిన శరణార్థుల బిడ్డలు. అక్కడి నుంచి మొదలై 1994 సెప్టెంబరులో క్లింటన్ హయాంలో ఫెడరల్ నిషేధం వచ్చింది. అయితే నిషేధం దేని మీద? తుపాకీ పని చేసే తీరు మీద కాదు, ఎక్కువగా ఆకారం మీద. విడదీసే మ్యాగజైన్ ఉన్న రైఫిల్‌కు పిస్తోలు పిడి, మడిచే వెనక భాగం, బాయొనెట్ కొక్కెం, మంట కనపడనివ్వని మూతి గొట్టం వంటి వాటిలో రెండు ఉంటే నేరం. రూగర్ కంపెనీ మినీ-14 అనే రైఫిల్ ఉంది, ఏఆర్-15 వాడే .223 తూటానే వాడుతుంది, అదీ సెమీ ఆటోమేటిక్కే. కర్ర బిగించి, వేట రైఫిల్‌లా ముచ్చటగా ఉంటుంది. దాన్ని పేరు పెట్టి మరీ మినహాయింపు జాబితాలో చేర్చారు! బాయొనెట్‌తో అమెరికా వీధుల్లో ఎవరు ఎవర్ని పొడిచారని ఆ కొక్కెం మీద అంత కోపం?

కంపెనీలు ఏం చేశాయి? కొక్కెం కోసేసి, మూతి గొట్టం తీసేసి, మరో పేరుతో అమ్ముకున్నాయి. అప్పటికే జనం దగ్గరున్నవి ఉండనే ఉన్నాయి. ఆ చట్టంలో పస ఉన్న భాగం పది తూటాలకు మించిన మ్యాగజైన్ల మీద ఆంక్ష. అక్కడ కూడా పాత నిల్వలు అమ్ముకోనిచ్చారు. ఆ చట్టం వల్ల హత్యలు ఎంత తగ్గాయని లెక్కవేయబోయిన పరిశోధకులకు స్పష్టమైన జవాబు దొరకలేదు. 2004 సెప్టెంబరులో పదేళ్ల గడువు తీరి చట్టం చచ్చిపోయింది. కానీ ఆ పదేళ్లలో ఎవరూ పట్టించుకోని తుపాకీ పేరు దేశంలో ప్రతి ఇంటికీ తెలిసింది. వద్దన్నదే కావాలనుకోవడం మనిషి స్వభావం. ప్రభుత్వం ఎప్పుడు మళ్లీ వద్దంటుందో అన్న భయం అప్పటి నుంచీ దీని అమ్మకాలకు ఇంధనం. 2008లో ఒబామా గెలిచినప్పుడు దుకాణాలు ఖాళీ. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో 20 మంది పసివాళ్లు, ఆరుగురు పెద్దలు చనిపోయాక కూడా ముందు ఖాళీ అయింది దుకాణాలే. ఆ తర్వాతి ఏప్రిల్‌లో సెనేట్‌కు వచ్చిన నిషేధం బిల్లుకు దక్కినవి 40 ఓట్లు.

వనజ గారు వేటగాళ్ల మర్యాద ఎప్పుడు ఓడిందని అడిగారు. నెల కూడా చెబుతాను, 2007 ఫిబ్రవరి. జిమ్ జుంబో అని వేట గురించి దశాబ్దాలుగా రాస్తున్న పేరుమోసిన రచయిత. వేటకు ఇలాంటి రైఫిళ్లు ఎందుకు, అవి ఉగ్రవాదుల తుపాకులు అని తన బ్లాగులో రాశాడు. ఇరవై ఏళ్ల ముందైతే పాఠకులు తలలూపేవారు. ఈసారి కొద్ది రోజుల్లోనే రెమింగ్టన్ ఆయనతో తెగతెంపులు చేసుకుంది, పత్రిక పదవి పోయింది, టీవీ కార్యక్రమానికి డబ్బిచ్చేవాళ్లు పోయారు. క్షమాపణ చెప్పుకున్నా లాభం లేకపోయింది. తుపాకీ లోకంలో పెత్తనం వేటగాడి చేతిలోంచి జారిపోయిందని ఆ వారంలో అందరికీ అర్థమైంది.

సూరిబాబు, ఆస్టిన్

జుంబో కథ నేను వినలేదు మాస్టారూ. దానికి జోడీగా ఒక సర్వే. తుపాకీ ఎందుకు పెట్టుకున్నారని 1999లో అడిగితే 49 శాతం మంది వేటకు అన్నారు, ఆత్మరక్షణకు అన్నవాళ్లు 26 శాతం. ప్యూ సంస్థ 2013లో అడిగితే తిరగబడింది, ఆత్మరక్షణ 48 శాతం. 2023లో 72 శాతం మంది రక్షణ ఒక ముఖ్య కారణమన్నారు. డేవిడ్ యమానే అనే సమాజశాస్త్రవేత్త పాత తుపాకీ పత్రికల్లోని ప్రకటనలు తిరగేసి ఇదే మార్పును చూపించాడు. ఒకప్పుడు పేజీల నిండా కొండలు, దుప్పులు, తండ్రీ కొడుకులు. తర్వాత తలుపు, చీకటి, ఎవరో దుండగుడు.

ఇక్కడ వ్యాపారుల పాత్రను తక్కువ చేయకండి. శాండీ హుక్‌లో వాడిన బుష్‌మాస్టర్ రైఫిల్‌కు అంతకు ముందు ఒక ప్రకటన వచ్చింది. రైఫిల్ ఫొటో పెట్టి, ఇది కొంటే నీ మగతనం గుర్తింపు కార్డు నీకు తిరిగి దక్కినట్టే అన్నారు. వేట లేదు, పంది లేదు, దొంగ కూడా లేడు. 2005 చట్టం తుపాకీ కంపెనీలను దావాల నుంచి కాపాడుతుంది. బాధిత కుటుంబాలు ఈ తరహా ప్రచారాన్నే పట్టుకుని కనెటికట్ వ్యాపార చట్టం కింద వెళ్లాయి. 2022లో బుష్‌మాస్టర్ యజమాని అయిన రెమింగ్టన్ బీమా సంస్థలు 7.3 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ పడ్డాయి.

కొత్తగా వచ్చాను, ఫ్రిస్కో

అన్నగారూ, మధ్యలో అడ్డు వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను హెచ్1బీ మీద ఉన్నాను. రేంజికి వెళ్లి అద్దె తుపాకీతో పేల్చాను, బాగా నచ్చింది. నాలాంటివాళ్లు కొనవచ్చా?

పెన్నా, హ్యూస్టన్

తమ్ముడూ, వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గాని తూటా గాని దగ్గర ఉంచుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. దానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అందులో ఒకటి రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. గ్రీన్ కార్డు వస్తే ఈ తిప్పలు లేవు. తుపాకీ కొనేముందు, పేల్చేముందు కూడా, ఇమిగ్రేషన్ లాయరును అడుగు. చిన్న తప్పుకు దేశం వదలాల్సి వస్తుంది.

వేపచెట్టు

భలే. అడవి మొహం చూడని కుర్రాడు కాలనీలో ఏఆర్-15 పెట్టుకోవాలంటే వేటగాడి లైసెన్సు కావాలి. వనజ గారి ఆఫీసు పెద్దాయనకు చెప్పండి, సంతోషిస్తారు.

నిర్వాహకులు

వీసా ప్రశ్నలకు వేరే విభాగం ఉంది. ఇక్కడ అసలు విషయం మీదే రాయండి.

మల్లిక, మెల్‌బోర్న్

1996 ఏప్రిల్‌లో మా ఆస్ట్రేలియాలో, టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో, కాల్పుల్లో 35 మంది చనిపోయారు. రెండు వారాలు తిరగకముందే అన్ని రాష్ట్రాలూ ఒప్పందానికి వచ్చాయి. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు మామూలు మనుషులకు బందు, ప్రభుత్వం డబ్బిచ్చి దాదాపు ఆరున్నర లక్షల తుపాకులు వెనక్కి తీసుకుంది. చేసింది వామపక్షం కాదు, జాన్ హోవర్డ్ అనే మితవాద ప్రధాని. మా విక్టోరియాలోని సేల్ అనే ఊళ్లో తుపాకీ యజమానుల సభలో కోటు కింద తూటా రక్షణ కవచం తొడుక్కుని మాట్లాడాడు. ఎంత కోపం ఎదురైందో అందులోనే తెలుస్తుంది. ఇక్కడ రైతులకు ఇప్పటికీ తుపాకులున్నాయి. కానీ తుపాకీ బొమ్మ చొక్కా వేసుకుని తిరిగేవాళ్లు లేరు.

లెక్కల మాస్టారు, న్యూజెర్సీ

మల్లిక గారూ, మీ దగ్గర ఆరున్నర లక్షలు. ఇక్కడ తుపాకీ పరిశ్రమ సంఘం 2022 నాటికే ఈ రకం రైఫిళ్లు 2.4 కోట్లు దాటాయని అంచనా కట్టింది. పెద్దవాళ్లలో ఇరవై మందికి ఒకరి దగ్గర ఏఆర్-15 ఉందని ఒక సర్వే. పైగా ఆయుధాలు ఉంచుకునే హక్కునిచ్చే మా రాజ్యాంగపు రెండో సవరణ లాంటిది మీకు లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. 2008లో సుప్రీంకోర్టు హెల్లర్ తీర్పులో, జనం సాధారణంగా వాడే ఆయుధాలకు రాజ్యాంగ రక్షణ ఉంటుందని చెప్పింది. కాబట్టి ఎన్ని అమ్ముడుపోతే అంత రక్షణ. పరిశ్రమ సంఘం ఊరికే లెక్కపెట్టడం లేదు, ఆ అంకె కోర్టులో వాదన అవుతుంది. 2025 జూన్‌లో మేరీలాండ్ నిషేధం మీద వచ్చిన కేసును కోర్టు తీసుకోలేదు గాని, ఒకటి రెండేళ్లలో ఈ ప్రశ్నను తేల్చక తప్పదని జస్టిస్ కావనా విడిగా రాశారు.

వనజ, పిట్స్‌బర్గ్

పోలీసుల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1997 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ నార్త్ హాలీవుడ్‌లో ఇద్దరు దొంగలు కవచాలు తొడుక్కుని, అక్రమంగా మెషీన్ గన్నులుగా మార్చిన రైఫిళ్లతో బ్యాంకు మీద పడ్డారు. పోలీసుల చేతుల్లో పిస్తోళ్లు, షాట్‌గన్లు. అవి ఆ కవచాల మీద పనిచేయలేదు. చివరికి కొందరు పోలీసులు దగ్గర్లోని తుపాకీ దుకాణానికి పరుగెత్తి ఏఆర్-15లు అడిగి తెచ్చుకున్నారు! ఆ తర్వాత దేశమంతటా గస్తీ కార్లలోకి రైఫిళ్లు ఎక్కాయి. పోలీసు కారులో ఉన్నది నా ఇంట్లో ఎందుకు ఉండకూడదని జనం, జనం దగ్గర ఉన్నాయి కనుక మాకు ఇంకా కావాలని పోలీసులు. 2022లో టెక్సస్‌లోని యువాల్డీలో కాల్పులు జరిగిన బడికి 376 మంది పోలీసులు చేరారు. అయినా ఆ గదిలోకి వెళ్లడానికి 77 నిమిషాలు పట్టింది. లోపల ఉన్నది ఏఆర్-15 అని తెలిసి వెనకాడామని కొందరు విచారణలో ఒప్పుకున్నారు. దాన్ని కొన్న కుర్రాడికి అప్పుడే పద్దెనిమిది నిండాయి. లైసెన్సున్న దుకాణంలో పిస్తోలుకు 21 ఏళ్లు కావాలి, రైఫిల్‌కు 18 చాలు. జింకల వేటకు వెళ్లే కుర్రాళ్లను మనసులో పెట్టుకుని రాసిన నిబంధన అది.

2023 మేలో డాలస్ పక్కన ఆలెన్ మాల్‌లో ఎనిమిది మంది పోయారు, అందులో ఒక తెలుగు అమ్మాయి ఉంది. అప్పటి దాకా ఇలాంటి చర్చల్లో 'వాళ్ల గొడవ మనకెందుకు' అన్న మిత్రులు ఆ వారం నుంచి ఆ మాట మానేశారు.

గోదారి గట్టు, అట్లాంటా

ఒక పక్షం జెండా అన్న సూరిబాబు గారి మాటకు చిన్న సవరణ. 2023లో కొందరు రిపబ్లికన్ సభ్యులు కోటుకు ఏఆర్-15 పిన్నులు పెట్టుకుని కాంగ్రెస్‌కు వచ్చారు, నిజమే. కానీ 2020 జూలై 4న మా దగ్గర స్టోన్ మౌంటెన్‌లో, బానిసత్వం నిలుపుకోవడానికి అంతర్యుద్ధం చేసిన కాన్ఫెడరేట్ నాయకుల శిల్పం ఉన్న ఆ కొండ కింద, వందల మంది నల్లజాతీయులు నల్లదుస్తుల్లో ఇవే రైఫిళ్లు భుజాన వేసుకుని కవాతు చేశారు. వామపక్షాల రైఫిల్ సంఘాలూ ఉన్నాయి. తమాషా ఏమిటంటే, 2024లో బట్లర్ సభలో ట్రంప్ మీద పేలినదీ ఈ జాతి రైఫిలే. ఆయన అభిమానుల చొక్కాల మీద బొమ్మ మాత్రం మారలేదు. అన్ని పక్షాలూ బెదిరించడానికి దీన్నే ఎంచుకుంటున్నాయి, అదీ మార్పు. వేట రైఫిల్ భుజాన వేసుకుని ఊరేగితే దారి తప్పిన వేటగాడు అనుకుంటారు.

డాక్టరమ్మ, షికాగో

గోదారి గట్టు గారూ, 'బెదిరించడానికి' అన్నారు, అక్కడే నా ఓటు. పెన్నా గారి ఫ్రిజ్ కింద స్ప్రింగు ముచ్చటగానే ఉంది. కానీ ఆయన వంటింట్లో కూర్చుని బిగించుకున్నదాన్ని చూసి బయట ఎవరైనా భయపడాలన్న కోరిక ఆ కొనుగోలులో ఏ మూలా లేదని ఆయన అనగలరా?

పెన్నా, హ్యూస్టన్

2020లో ఉంది. దొంగ భయపడాలనే కొన్నాను, దాచుకోవడానికి ఏముంది. ఇప్పుడు ఎక్కువగా శనివారాలు కాగితం గురి మీద పేల్చి, తుడిచి, ఇనప్పెట్టెలో పెడుతున్నాను.

మాస్టారూ, ఒక సొంత సందేహం. మా కంపెనీ నన్ను ఎడిసన్‌కు పంపేలా ఉంది. దీన్ని మీ న్యూజెర్సీకి తెచ్చుకోవచ్చా?

లెక్కల మాస్టారు, న్యూజెర్సీ

ఉన్నది ఉన్నట్టుగా తెస్తే సరిహద్దు దాటగానే నేరం. పది తూటాలకు మించిన మ్యాగజైన్లు టెక్సస్‌లోనే వదిలేయండి, ఇక్కడ దగ్గర ఉంచుకున్నా తప్పే. వెనక భాగం ముందుకూ వెనక్కూ జరగకుండా పిన్నుతో బిగించాలి. మూతి గొట్టం, దాని మరలు తీసేయించాలి, బాయొనెట్ కొక్కెం ఉంటే కోయించాలి. పిస్తోలు పిడి ఒక్కటే మిగలవచ్చు. ఆ తూటా అదే, వేగం అదే. కోల్ట్ ఏఆర్-15ను పేరు పెట్టి నిషేధించిన భాగం మీద 2024 నుంచి కోర్టుల్లో పేచీ నడుస్తోంది, కాబట్టి ట్రక్కు ఎక్కించేముందు ఇక్కడి తుపాకీ చట్టాలు తెలిసిన లాయరుతో మాట్లాడండి. ఇంటి అద్దెల సంగతి వేరే విభాగంలో అడగండి, అవి ఇంకా ఘోరం.